‘జై భీమ్’లో చూపించినట్టు హెబియస్ కార్పస్ వేస్తే నిజంగా పోలీసులకు శిక్ష పడుతుందా?

మీ ప్రశ్న ఇదీ. ‘జై భీమ్’ తెలుగులో చూశారు. దొంగతనం అనుమానంతో పోలీసులు తీసుకెళ్లిన భర్త కనిపించకుండా పోతే, గర్భిణి అయిన భార్య లాయరు సాయంతో హైకోర్టులో హెబియస్ కార్పస్ వేస్తుంది. కోర్టు సాక్షులను పిలిపిస్తుంది, పై అధికారితో దర్యాప్తు చేయిస్తుంది, చివరికి పోలీసులకు శిక్ష పడుతుంది. బయట కూడా ఇలా జరుగుతుందా, సినిమా కోసం పెంచారా అని అడిగారు.

ముందు సూటిగా చెబుతాను. జరిగింది కాబట్టే సినిమా తీశారు. కానీ మామూలుగా హెబియస్ కార్పస్ కేసులు అలా నడవవు. ఆ పిటిషన్ ఉన్నది మనిషిని కోర్టు ముందుకు తెప్పించడానికి. ఎవరినీ శిక్షించడానికి కాదు. శిక్షకు వేరే దారి ఉంది, అది చాలా పొడుగు. సినిమా ఆ రెండింటినీ కలిపి మూడు గంటల లోపు చూపించింది.

నేను కోస్తాలో 27 ఏళ్లుగా క్రిమినల్ కేసులు చూస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎరుకల కుటుంబాలు ఎక్కువ. అందుకని కాస్త వివరంగానే రాస్తాను.

మామూలుగా ఏం జరుగుతుందంటే, ఇంటివాళ్ల అఫిడవిట్‌తో రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో పిటిషన్ వేస్తాం. ఇలాంటివి కోర్టు త్వరగా వింటుంది. ప్రభుత్వ ప్లీడరును పిలిచి, మనిషి ఎక్కడున్నాడో కనుక్కుని చెప్పమంటుంది. ఆ సాయంత్రానికే స్టేషన్‌కు ఫోన్ వెళ్తుంది. వాయిదా రోజున ప్లీడరు లేచి, ‘ఇతన్ని ఈ ఉదయమే బస్టాండులో అరెస్టు చేశారు, మేజిస్ట్రేటు రిమాండుకు పంపారు’ అని చెబుతాడు. దాంతో పిటిషన్ మూసేస్తారు. అంతకు ముందు వారం రోజులు ఎక్కడ ఉంచారు, ఏం చేశారు అన్నది అక్కడ తేలదు. నాకు మొదట్లో ఇది చాలా బాధగా ఉండేది. తర్వాత ఇంటివాళ్ల మొహాలు చూశాక అర్థమైంది. మనిషి ప్రాణాలతో ఉన్నాడని తెలిస్తే వాళ్లకు ఆ రోజుకి అదే చాలు.

చిక్కంతా పోలీసులు ‘మేమసలు తీసుకురాలేదు’ అన్నప్పుడు వస్తుంది. ఇంటివాళ్లు తీసుకెళ్లారంటారు, స్టేషన్ లేదంటుంది. రిట్ పిటిషన్లో హైకోర్టు సాధారణంగా సాక్షులను బోనెక్కించదు. కాగితాల మీదే తేలుస్తుంది, లేదంటే జిల్లా జడ్జితో విచారణ చేయించి నివేదిక తెప్పించుకుంటుంది. సినిమాలో సూర్య పాత్ర సాక్షులను విచారించనివ్వమని అడుగుతూ కేరళ రాజన్ కేసు చెబుతుంది, గుర్తుందా? అది కల్పన కాదు.

రాజన్ కాలికట్ రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థి. ఎమర్జెన్సీ రోజులు. 1976 మార్చి 1న పోలీసులు పట్టుకెళ్లి కక్కయం క్యాంపులో పెట్టారు. తండ్రి ఈచర వారియర్ హిందీ ప్రొఫెసరు. కొడుకు కోసం ఆయన తిరగని ఆఫీసు లేదు. కోర్టుకు వెళ్దామంటే, ఎమర్జెన్సీలో హెబియస్ కార్పస్ హక్కు లేదని 1976 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టే చెప్పింది. అయిదుగురిలో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. 1977 మార్చిలో ఎమర్జెన్సీ ఎత్తేయగానే ఆ తండ్రి కేరళ హైకోర్టులో పిటిషన్ వేశారు. కోర్టు సాక్షులను పిలిచి విచారించింది, రాజన్ పోలీసుల చేతిలో ఉన్నమాట నిజమని తేల్చి హాజరుపరచమంది. అప్పుడు గానీ కస్టడీలో చనిపోయాడని ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఎమర్జెన్సీలో హోంమంత్రిగా ఉండి, అప్పుడే ముఖ్యమంత్రి అయిన కె. కరుణాకరన్ నెల రోజులకే రాజీనామా చేయాల్సి వచ్చింది. ఇంత జరిగినా ఆ తండ్రికి కొడుకు శవం మాత్రం దొరకలేదు. మా జూనియర్లకు హెబియస్ కార్పస్ గురించి చెప్పాల్సి వస్తే నేను ఈ కేసుతోనే మొదలుపెడతాను.

‘జై భీమ్’ వెనక ఉన్న అసలు కేసు 1993 నాటిది, తమిళనాడు కడలూరు వైపుది. మన తెలుగులో రాజన్న, సినతల్లి అని పెట్టారు గానీ అసలు పేర్లు రాజాకన్ను, పార్వతి. సినిమాలో వాళ్లను ఇరులర్లుగా చూపించారు. అసలు కుటుంబం కురవ కులానిది. కురవలు, మన ఎరుకలవాళ్లు ఒకే కుదురు. ఎరుకల ఇళ్లలో మాట్లాడుకునే కుర్రు భాష విన్నవాళ్లకు అందులో తమిళపు పోలిక తెలిసిపోతుంది. బ్రిటిష్‌వాళ్లు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చి ఇలాంటి కులాలను పుట్టుకతోనే దొంగలన్నారు. మన దగ్గర స్టువర్టుపురం సెటిల్మెంటు పుట్టింది ఆ చట్టం వల్లే. 1952లో చట్టం పోయింది. ఊళ్లో బంగారం పోతే మొదట ఎవరి గుమ్మం ముందు జీపు ఆగుతుందో మాత్రం ఇప్పటికీ మాకు తెలుసు. ఆ కేసు వాదించిన లాయరు కె. చంద్రు తర్వాత మద్రాస్ హైకోర్టు జడ్జి అయ్యారు. మీరు గమనించాల్సింది కాలం లెక్క. మనిషి పోయింది 1993లో. కేసు 2006 దాకా నడిచింది. సినిమాలో పుట్టబోయే బిడ్డ, అసలు కాలం ప్రకారం చూస్తే, హైస్కూల్లో ఉంటుంది.

హైకోర్టు దాకా వెళ్లకుండా ఇంకో దారి ఉంది, సినిమాలో అది లేదు. అక్రమంగా నిర్బంధించారని నమ్మకం కలిగితే మేజిస్ట్రేటే సెర్చ్ వారెంట్ ఇవ్వొచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, అంటే సీఆర్‌పీసీలో సెక్షన్ 97, దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే ఇప్పటి బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 100. మా వైపు కోర్టులు ఒక లాయరును అడ్వొకేట్ కమిషనర్‌గా వేసి స్టేషన్ వెతికి రమ్మనేవి. నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన నాలుగో ఏడు ఒకసారి నన్ను వేశారు. రాత్రి తొమ్మిది దాటింది. లాకప్ ఖాళీ. రికార్డుల్లో పేరు లేదు. ‘చూసుకోండి సార్, ఎవరూ లేరు’ అని హెడ్ కానిస్టేబుల్ లైట్లన్నీ వేశాడు. వెనక వరండాలో నీళ్ల డ్రమ్ము పక్కన ఒక స్టీలు క్యారియర్ ఉంది. మూత తీస్తే అడుగున అన్నం మెతుకులు ఇంకా ఎండలేదు. మూత మీద చుక్కలు చుక్కలుగా పేరు చెక్కి ఉంది. మనవాళ్లు పెళ్లి సామాన్ల మీద చెక్కిస్తారు చూడండి, అలా. పిటిషన్ వేసిన ఆమె తండ్రి పేరు, కింద పెళ్లి తేదీ. ఆమె రెండు రోజులుగా అన్నం పంపుతున్నానని చెప్పిందే గానీ క్యారియర్ సంగతి చెప్పలేదు. చెప్పాలని తోచలేదు పాపం. నేను ఆ పేరు, తేదీ ఉన్నవి ఉన్నట్టు రిపోర్టులో రాసి, హెడ్ కానిస్టేబుల్‌తో సంతకం పెట్టించుకున్నాను. మర్నాడు పదకొండు గంటలకల్లా ఆమె భర్తను కోర్టులో హాజరుపరిచారు. అరికాళ్లు వాచిపోయి చెప్పులు పట్టలేదు, చేత్తో పట్టుకుని వచ్చాడు. బతికి వచ్చాడు.

అసలు ఎందుకు కొడతారు అని కూడా ఒక మాట అడిగారు. సినిమా కోపంగా చూపించిందే గానీ దీని మూలం వివరించలేదు. పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో చెల్లదు. కానీ నిందితుడు చెప్పిన మాట వల్ల ఒక వస్తువు దొరికితే ఆ మేరకు చెల్లుతుంది. పాత సాక్ష్య చట్టంలో సెక్షన్ 27, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ 23లో ఆ వెసులుబాటు ఉంది. స్టేషన్ భాషలో దీన్ని రికవరీ అంటారు. దొంగతనం కేసుకి రికవరీయే ప్రాణం. పైనుంచి ‘కేసు తేల్చు, రికవరీ చూపించు’ అని ఒత్తిడి. తెలివిగా దర్యాప్తు చేయడానికి మనుషులు ఉండరు, టైమ్ ఉండదు. అప్పుడు ఎవరి తరఫున అడిగేవాళ్లు లేరో వాళ్లను తెచ్చి కూర్చోబెడతారు. దీనికి ఒప్పుకోని ఎస్సైలను, వేలిముద్రలతోనూ సెల్ టవర్లతోనూ అసలు దొంగను పట్టుకున్నవాళ్లను కూడా నేను చూశాను. వాళ్లను క్రాస్ ఎగ్జామిన్ చేయడమే మాకు కష్టం. చేసిన పని గట్టిగా ఉంటుంది.

ఇక శిక్ష. మనిషి చనిపోయాడని తేలాక హెబియస్ కార్పస్ పని అక్కడికి ఆగిపోతుంది, క్రిమినల్ కేసు మొదలవుతుంది. కస్టడీలో మనిషి పోతే మేజిస్ట్రేటు విచారణ తప్పనిసరి, ఇప్పుడది బీఎన్ఎస్ఎస్ 196లో ఉంది. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు 24 గంటల్లో తెలియజేయాలి. ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు, పోలీసు మీద కేసు నడపడానికి ప్రభుత్వ అనుమతి కావాలా వద్దా అన్న వాదన, అది తేలేదాకా స్టే, తర్వాత విచారణ. సాక్షులెవరు? అదే స్టేషన్‌లో పనిచేసేవాళ్లు, స్టేషన్ ఎదుట బతికేవాళ్లు. పోలీసులు సాటి పోలీసు మీద నోరు విప్పరని, ఇలాంటి కేసుల్లో కళ్లారా చూసిన సాక్షి కావాలని పట్టుబట్టకూడదని 1995లో సుప్రీంకోర్టు ఒక మధ్యప్రదేశ్ కేసులో గట్టిగానే చెప్పింది. అంతకు పదేళ్ల ముందే, 1985లో, లా కమిషన్ తన 113వ నివేదికలో ఒక సవరణ సూచించింది. కస్టడీలో గాయమైతే ఆ కస్టడీలో పెట్టుకున్న అధికారే చేశాడని కోర్టు భావించేలా చట్టం మార్చమంది. ఇప్పటికీ మార్చలేదు. చిత్రహింసల మీద ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద మన దేశం 1997లో సంతకం పెట్టింది, ఆమోదం మాత్రం ఇవ్వలేదు. ఈ రెండూ జరిగితే నా లాంటివాళ్ల పని సగం తేలికవుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

పరిహారం సంగతి వేరు. ఒడిశాలో నీలబతి బెహెరా అనే తల్లి, పోలీసులు తీసుకెళ్లిన కొడుకు మర్నాడు రైలు పట్టాల మీద శవమై దొరికితే సుప్రీంకోర్టుకు ఉత్తరం రాసింది. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని 1993లో లక్షా యాభై వేలు ఇప్పించింది. ప్రాథమిక హక్కుకు భంగం కలిగించినందుకు ప్రభుత్వం నేరుగా పరిహారం కట్టాలన్న సూత్రం ఆ కేసుతో స్థిరపడింది. పరిహారం తీసుకుంటే కేసు వదులుకున్నట్టేనా అని నన్ను చాలామంది అడుగుతారు. కాదు. కోర్టు గానీ కమిషన్ గానీ ఇప్పించే పరిహారానికీ, క్రిమినల్ కేసుకీ సంబంధం లేదు. స్టేషన్ తరఫున ఎవరో పెద్దమనిషి తెచ్చి ఇచ్చే రాజీ డబ్బు వేరు. సినిమాలో సినతల్లి వద్దన్నది దాన్ని.

మీకు గానీ మీవాళ్లకు గానీ ఇలాంటి అవసరం రాకూడదు. వస్తే మాత్రం మొదటి రోజు చేసే పనే ముఖ్యం. పోలీసులు చెప్పే టైముకీ, నిజంగా తీసుకెళ్లిన టైముకీ తేడా ఉందని తర్వాత రుజువు చేయగలిగేది ఆ రోజు పుట్టిన కాగితమే. వెంటనే 112కి ఫోన్ చేయండి, ఆ కాల్‌కు రికార్డు ఉంటుంది. ఎస్పీకి, కలెక్టరుకు, మీ ఏరియా మేజిస్ట్రేటుకు ఈమెయిల్, స్పీడ్ పోస్టు పంపి రసీదులు దాచండి. వాట్సాప్ మెసేజ్ చెరిపేయకండి. అరెస్టు చేస్తే ఇంటివాళ్లకు చెప్పాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, వైద్య పరీక్ష చేయించాలి. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు పెట్టిన నియమాల్లో చాలా భాగం ఇప్పుడు చట్టంలోనే ఉన్నాయి. 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలు పెట్టి 18 నెలల ఫుటేజీ దాచాలని చెప్పింది. కెమెరా పాడైందనే జవాబే తరచూ వస్తుంది, అందుకే ఫుటేజీ భద్రపరచమని మొదటి వారంలోనే కోర్టులో పిటిషన్ వేయండి. లాయరు ఫీజుకు భయపడొద్దు. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కి ఫోన్ చేయొచ్చు. చెప్పడానికి మనసు ఒప్పని మాట ఒకటుంది గానీ చెప్పక తప్పదు. మనిషి పోతే పోస్టుమార్టం వీడియో తీయమని రాతపూర్వకంగా అడగండి. అనుమానం ఉంటే దహనం చేయకండి, పూడ్చండి. మళ్లీ పరీక్ష అవసరమైతే అదొక్కటే దారి.

చివరిగా ఒక కేసు చెబుతాను. మీ ప్రశ్నలో ‘నిజంగా న్యాయం దొరికినట్టేనా’ అన్న మాట చూసినప్పటి నుంచి ఇదే గుర్తొస్తోంది.

2008లో ఒక తల్లి వచ్చింది. కొడుక్కి 23 ఏళ్లు, ఇళ్లకు రంగులు వేసేవాడు. పని చేసిన ఇంట్లో గొలుసు పోయింది. మంగళవారం తెల్లారకముందే తీసుకెళ్లారు, ‘రెండు మాటలు అడిగి పంపించేస్తాం’ అన్నారు. అప్పటికింకా టెలిగ్రాములు ఉన్నాయి. నేను నాలుగు వాక్యాలు రాసిస్తే ఆవిడ తంతి ఆఫీసుకు వెళ్లి కలెక్టరుకు, ఎస్పీకి, మేజిస్ట్రేటుకు పంపింది. నేను హైదరాబాద్ వెళ్లి హైకోర్టులో పిటిషన్ వేయడానికి రాత్రి బస్సు టికెట్టు కూడా తీసుకున్నాను. గురువారం పొద్దున పెద్దాసుపత్రి నుంచి ఫోన్. బుధవారం రాత్రి అరెస్టు చేయబోతే పారిపోతూ పడిపోయాడని స్టేషన్ చెప్పింది. రేషన్ కార్డు ప్లాస్టిక్ కవరులో ఆవిడ దాచిన మూడు టెలిగ్రాం రసీదుల మీద మాత్రం మంగళవారం సాయంత్రం ముద్ర ఉంది. బుధవారం రాత్రి తీసుకెళ్లబోయే మనిషి కోసం మంగళవారమే తల్లి టెలిగ్రాం ఎలా ఇస్తుంది? కేసంతా ఆ ముద్ర మీద నిలబడింది.

తొమ్మిదేళ్లు నడిచింది. స్టేషన్ ఎదుట టీకొట్టు అతను మేజిస్ట్రేటు విచారణలో చూసింది చూసినట్టు చెప్పాడు, సెషన్స్ కోర్టులో నాకేం తెలియదన్నాడు. వరండాలో ఎదురైతే తల దించుకుని, ‘అయ్యా, నా కొట్టు అక్కడే ఉంది గదా’ అన్నాడు. హత్య నేరం నిలబడలేదు. ఒప్పించడానికి గాయపరిచారన్న నేరం, పాత ఐపీసీ 330, ఒక్కడి మీద నిలబడింది. మూడేళ్ల శిక్ష. మిగిలినవాళ్లను వదిలేశారు. అతను అప్పీలు వేసుకుని బెయిలు మీద బయటికి వచ్చాడు.

తీర్పు రోజున ఆవిడ శిక్ష ఎన్నేళ్లని అడగలేదు. ‘మావాడు దొంగ కాదని రాశారా బాబూ?’ అని అడిగింది. ఆ రోజు నాకు జవాబు దొరకలేదు. ఎందుకంటే నిందితుడు చనిపోతే అతని మీద కేసు ఆగిపోతుంది. దొంగ అని రుజువు కాదు, కాదని కూడా ఏ కోర్టూ చెప్పదు. ఆ గొలుసు కేసు కాగితాల్లో ఆ పిల్లాడి పేరు ఇప్పటికీ మొదటి నిందితుడిగానే ఉంది. సినిమాలో లాయరు, చనిపోయిన రాజన్న నిర్దోషి అని కూడా తేలుస్తాడు. బయట ఆ పని చేయడానికి చట్టంలో చోటే లేదు. ఇన్నేళ్ల ప్రాక్టీసులో నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం ఇదే. చనిపోయినవాడి తల్లో భార్యో కోరితే ఆ దొంగతనం కేసును కూడా విని ఒక మాట తేల్చే వీలు చట్టంలో ఉండాలి.

సర్టిఫైడ్ కాపీ వచ్చాక మొత్తం చదివాను. నలభై పేజీల తర్వాత ఒక చోట జడ్జిగారు, మృతుడికి దొంగతనంతో సంబంధం ఉందని చూపే ఆధారం ఏదీ ఈ కోర్టు ముందుకు రాలేదని ఒక్క వాక్యం రాశారు. అది ఇంగ్లీషులో ఉంది. నేను తెల్లకాగితం మీద దాన్ని తెలుగులో రాసి, కింద కేసు నంబరు, పేజీ నంబరు వేసి ఆవిడకి ఇచ్చాను. ఆవిడ దాన్ని కోర్టు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించింది. అటు నుంచి అటే బస్సెక్కి, గొలుసు పోయిందన్న ఇంటికి వెళ్లి, ఆ ఇంటావిడకి ఇచ్చి చదవమందట.